తాను నిలిచి తోడివారిని నిలిపిన నిర్మాత
కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు

తెలుగునాటి సరిహద్దులు దాటి వచ్చి, కర్ణాటకమునందును, తమిళనాటను, ఒడిశాయందును, మహారాష్ట్రమునందును తరతరములుగా కాపురమున్న మన కుటుంబముల చరిత్ర ఇంకను సమగ్రముగ వ్రాయబడవలసియున్నది. మగ్గము నమ్ముకొని వచ్చినవారు కొందరు, కూలికి వచ్చినవారు కొందరు, రాజాస్థానములలో కొలువునకు వచ్చినవారు కొందరు, వర్తకమునకు వచ్చినవారు కొందరు. వీరిలో పరాయిచోట నిలదొక్కుకొన్నవారు పెక్కుమంది కలరు. కాని తాము నిలదొక్కుకొన్న పిదప, మరియొకరు ప్రారంభించిన పనికి భుజ మొగ్గినవారు అరుదు. ఆ అరుదైనవారి చరిత్రమే సంఘములకు పాఠ్యగ్రంథము.

ఈ కాలమున బెంగళూరు, పుణె, హైదరాబాదు నగరములందు యువకులు స్వల్పమైన మూలధనముతో నూతన సంస్థలను నెలకొల్పుచున్నారు. వానిని స్టార్టప్పులని వ్యవహరించుచున్నాము. అట్టి సంస్థ నొకదానిని పెంచి గట్టెక్కించినవారు, పిమ్మట క్రొత్తగా నడుము కట్టినవారికి ఆలోచన చెప్పుచు అండగా నిలుచుట గౌరవప్రదమైన కార్యముగ పరిగణింపబడుచున్నది. అట్టివారికి మెంటర్ అను పేరు కలిగినది. పేరు క్రొత్తదే కాని పని క్రొత్తది కాదు. నూరేండ్లకు పైబడిన కాలము క్రిందట బొంబాయిలో ఒక తెలుగు యువకుడు ఈ మార్గమున తొలి యడుగు వేసెను. ఆయనయే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

పంతులుగారిని లోకము విశ్వదాత యనియు, దేశోద్ధారకుడనియు కొనియాడినది. ఆ బిరుదములు తగినవే. అయినను అవి ఒక విషయమును మరుగుపరచుచున్నవి. పంతులుగారిని కేవలము దాతగా చూచినచో, వారు ఇచ్చిన ధనము కనబడును గాని, ఆ ధనమును ఎట్లు ఇచ్చిరో, ఎవరికి, ఎప్పుడు ఇచ్చిరో కనబడదు. వారు మొదట నిర్మాత, తరువాతనే దాత. ఒక సంస్థను శూన్యమునుండి లేవనెత్తినవాడు మాత్రమే ఎరుగదగిన కష్టములను వారెరుగుదురు. అందుచేతనే వారి సాహాయ్యము సామాన్యమైన చందాలకంటె భిన్నమైనదయ్యెను. ఈ వ్యాసమునందు నిరూపింపదలచిన దంతయు ఇదియే.

పంతులుగారు 1867వ సంవత్సరమున కృష్ణా మండలమున జన్మించిరి. బందరులో చదివి, మదరాసు క్రైస్తవ కళాశాలలో 1891లో పట్టభద్రులైరి. ఆ కాలమున పట్టమును పొందిన తెలుగు యువకునికి ప్రభుత్వోద్యోగమో, న్యాయవాదవృత్తియో సహజమైన గతి. బంధువులు కోరుకొనునదియు అదియే. పంతులుగారు వ్యాపారమును కోరుకొనిరి. చదువుకొన్నవాడు అంగడిలో కూర్చుండుట చిన్నతనముగ భావింపబడిన దినములలో ఇది సాహసమే. మదరాసున కొంత ప్రయత్నించి, కలకత్తాకు పోయి, అక్కడ ఔషధముల వర్తకమును, తయారీని నేర్చిరి. ఆ పిమ్మట బొంబాయి చేరి, ఒక ఐరోపీయ వర్తక సంస్థలో ఉద్యోగము చేయుచు ఆ నగరపు వ్యాపారమర్మములను గ్రహించిరి. సొంత సంస్థను ప్రారంభించుటకు పూర్వము పరుల సంస్థలో పనిచేసి నేర్చిన ఈ శిక్షణ వారి జీవితమున తొలి మూలధనము.

నాటి బొంబాయి తెలుగువారికి క్రొత్త నగరము కాదు. నిజాము రాజ్యమునుండి వచ్చి కట్టడముల పనులు చేసిన శ్రమజీవులు కామాఠీలను పేరుతో అక్కడ స్థిరపడియుండిరి. నేటికిని కామాఠిపుర మను పేట వారి పేరనే నిలిచియున్నది. పద్మశాలీలు ఆ నగరమునను, షోలాపురమునను నేతపనిలో ప్రసిద్ధులైరి. అయినను వీరందరికిని తమ భాషలో లోకవార్తలను తెలుపు సాధనము లేదు. శ్రమ చేయు చేతులు బొంబాయిలో నుండెను; వారి భాషకు గొంతు మాత్రము అక్కడ లేకుండెను. ఈ లోపమును పంతులుగారు తీర్చిరి. అయితే దానికి ముందు వారు తమ కాళ్లపై తాము నిలువవలసియుండెను.

1893లో వారు బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి. అది తలనొప్పికిని, ఒడలి నొప్పులకును పైపూతగ వాడు లేపనము. ఘాటైన వాసనయు, పసుపు వన్నెయు గల ఆ మందును ఎరుగని తెలుగు ఇల్లు లేదనుట అతిశయోక్తి కాదు. ఈ వస్తువు నెన్నుకొనుటలో వర్తకబుద్ధి ఎంత యున్నదో గమనింపదగును. తలనొప్పి కులమును, ధనమును చూడదు. సీసా చిన్నది, రైలుబండిలోగాని, తపాలాలోగాని దూరదేశములకు పంపుట సులభము. ఖరీదు సామాన్యులకు అందుబాటులో నుండెను. ఒకమారు వాడి మేలు పొందినవాడు సీసా అయిపోగానే మరల కొనును. కావున ప్రతి క్రొత్త ఖాతాదారుడును చిరకాలపు ఖాతాదారుడగుటకు అవకాశము కలదు.

అయితే మొదటిసారి కొనిపించుట యెట్లు? పేరు తెలియని మందును ఎవరు నమ్ముదురు? పంతులుగారు సంగీతసభలందు ఆ లేపనమును ఉచితముగ పంచిపెట్టించిరని ప్రసిద్ధి. ఒకచోట గుమిగూడిన రసికజనము పరీక్షించి చూచి, ఇంటికిపోయి నలుగురికి చెప్పుదురు. వస్తువు మంచిదైనచో దానికి అదియే చాటింపు. నేటి వ్యాపారశాస్త్రము పెద్ద పెద్ద మాటలతో చెప్పు సూత్రము ఇదియే. ఇట్లు సీసా వెంబడి సీసాగా పెరిగిన ధనము తరువాతి కార్యములన్నిటికిని పునాది. వారసత్వముగ వచ్చిన జమీ గాని, ప్రభువుల కటాక్షము గాని దానికి మూలము కాదు.

వ్యాపారము నిలిచినపిదప వర్తకునకు రెండు దారులు కలవు. ఉన్నదానిని కాపాడుకొనుట ఒకటి. ఉన్నదానిని పణముగ పెట్టి లోకమునకు కావలసిన దానిని నెలకొల్పుట రెండవది. 1907లో సూరతునందు జరిగిన కాంగ్రెసు మహాసభ మితవాదుల, అతివాదుల కలహముతో భగ్నమయ్యెను. ఆ సభకు హాజరైన పంతులుగారు, దేశమందు జరుగుచున్న ఇంతటి ఘట్టములను తెలుగువానికి తెలుగులో చెప్పగల బలమైన పత్రిక ఆవశ్యకమని నిశ్చయించుకొనిరి. మరుసటి యేడు, అనగా 1908 సెప్టెంబరున, ఆంధ్రపత్రిక వారపత్రికగ బొంబాయినుండి వెలువడెను. ఆంధ్రుల పేరు ధరించిన ఆ పత్రిక ఆంధ్రదేశమున గాక, మరాఠీ మాటలాడు నగరమున పుట్టుట మన ప్రవాసాంధ్రులు మరువరాని విశేషము.

పత్రిక లేపనమువంటిది కాదు. దానికి వ్యయము ప్రతివారమును తప్పదు; ఆదాయము మాత్రము నెమ్మదిగ వచ్చును. కాగితము, అక్షరములు కూర్చువారి జీతములు, తపాలా ఖర్చు, చందా బాకీలు, వీనికి తోడు ప్రభుత్వపు కన్నెర్ర. ఆ కాలమున తెలుగు పత్రికలనేకములు పుట్టి, కొలది కాలములో అంతరించుటకు సంపాదకుల ప్రతిభాలోపముకంటె ఈ లెక్కలే ముఖ్యకారణము. పంతులుగారు ఈ లెక్కను తెలిసియే దిగిరి. లేపనపు లాభము పత్రిక నష్టమును మోసెను. పత్రిక లేపనపు పేరును ఊరూరికి మోసెను. ఒక సంస్థ మరియొకదానికి ఊతయగుట యనగా నేమో పంతులుగారు ఇతరులకు చెప్పుటకు ముందు తమ ఇంటనే అభ్యసించిరి.

1914లో వారు తమ కార్యక్షేత్రమును బొంబాయినుండి మదరాసునకు మార్చిరి. అప్పటికి తెలుగు జిల్లాలు చాలవరకు మదరాసు రాజధానిలో నుండెను. ఆంధ్రరాష్ట్రము కావలెనను ఆందోళన 1913లో బాపట్లలో జరిగిన ఆంధ్రమహాసభతో రూపు దాల్చెను. 1914 ఏప్రిలు 1వ తేదీన ఆంధ్రపత్రిక దినపత్రికయయ్యెను. కొలది మాసములకే ఐరోపాలో మహాసంగ్రామము చెలరేగెను. పల్లెలలో సైతము జనులు యుద్ధవార్తలకై ఎదురుచూచు దినములు వచ్చెను. ఇరువదియొక్క సంవత్సరములు పెంచిన వ్యాపారమును ఒక నగరమునుండి మరియొక నగరమునకు తరలించుటయు, వారపత్రికను దినపత్రికగ మార్చుటయు ఒకే యేట చేసినవాని ధైర్యము కొనియాడదగినది.

ఇంతవరకు చెప్పినది స్వయంకృషి. ఇక రెండవ ఘట్టము. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు మనవంటి ప్రవాసాంధ్రులకు ఆత్మీయులు. నాగపురమున చదువుకొని, మరాఠీ సాహిత్యమును మథించి, మునగాల సంస్థానమున దివానుగ నుండి, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపకులలో నొకరైరి. చరిత్రము, శాస్త్రము తెలుగువారికి తెలుగులో అందవలెనని వారి దీక్ష. ఆ దీక్షకు శిఖరమువంటిది ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము. ఒక్కొక్క శీర్షికకు తగిన పండితుని వెదకి, వ్రాయించి, దిద్ది, అచ్చువేయుట ఒక ప్రభుత్వమో, విశ్వవిద్యాలయమో చేయవలసిన పని. లక్ష్మణరావుగారు దానిని తమ బుజముల మీదనే వేసికొనిరి. అకారాదిక్రమమున సంపుటములు కొన్ని వెలువడెను. పని ఇంకను తొలిదశలోనే యుండగా, 1923 జూలైలో వారు మదరాసులో దివంగతులైరి.

స్థాపకుడు పోగా మిగిలిన అసంపూర్ణ కార్యము లోకమున అనాథవంటిది. దానిపై జాలి పడువారు పలువురుందురు. దానిని తమ ఇంటికి తెచ్చుకొనువారు లేరు. నాగేశ్వరరావు పంతులుగారు ఆ సర్వస్వమును పునరుద్ధరించు భారమును స్వీకరించిరి. 1930 తరువాతి సంవత్సరములలో వారి పూనికతో సంపుటములు మరల వెలువడెను. పేరు గొప్పకు క్రొత్త గ్రంథమును ప్రారంభించుటకు వలసిన ధనము, అధికారము వారికి కలవు. కాని ఒకరు ఆరంభించిన దానినే ముందుకు నడుపుటకు వారు పూనుకొనిరి. నిర్మాతకు నిర్మాత చేయగల మేళ్లలో ఇంతకంటె ఉత్తమమైనది లేదు. బ్రదికియున్నవానికి ఆలోచన చెప్పుటకంటె, గతించినవాని ఆలోచనను బ్రదికించుట కష్టతరము.

ఈ దృష్టితోనే 1924 జనవరిలో భారతి యను మాసపత్రికను, 1926లో ఆంధ్రగ్రంథమాలను పరిశీలింపవలెను. దినపత్రిక సాయంకాలమునకు పాతబడును. పండితుని పరిశోధన, కవి కావ్యము, విమర్శకుని వాదము, వీనికి నిలుకడగల వేదిక కావలెను. భారతి అట్టి వేదికయయ్యెను. శాసనములను చదివినవారు, తాళపత్రములను పోల్చి చూచినవారు, క్రొత్త కవిత్వమును ప్రయత్నించినవారు ఆ పుటలలో కలిసికొనిరి. భారతిలో రచన అచ్చగుట పండితునకు ఒక యోగ్యతాపత్రమువలె నుండెడిది. ఒక్కొక్క యువరచయితను పిలిచి బోధింపకయే, ఒక తరమునకు మార్గము చూపిన పద్ధతి యిది.

గ్రంథమాల ఇంకొక యవసరమును తీర్చెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణము వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతో ఆ మాలలో వెలువడెను. పదునాలుగవ శతాబ్దిలో భీమకవి కన్నడమున వ్రాసిన బసవపురాణమునకు మూలమైనది ఈ ద్విపదకావ్యమే. కర్ణాటకమున నివసించు తెలుగువారు తమ రెండు భాషల బాంధవ్యమును నిరూపింపగోరినచో, ఇంతకంటె సాక్ష్యము వలదు. అట్టి గ్రంథమును చక్కగ పరిష్కరించి అచ్చువేయుట లాభసాటి బేరము కాదు. పండితుని వద్ద విద్య యున్నది, ధనము లేదు. వర్తకుని వద్ద ధన మున్నది, అవకాశము లేదు. ఈ ఇద్దరిని ఒకచోట చేర్చి, పండితుని పనిలో వర్తకుడు వేలు పెట్టకుండుటయే పంతులుగారి నేర్పు.

రాజకీయములందును వారి స్వభావము మారలేదు. 1924 మొదలు పది సంవత్సరములు ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షులుగ నుండిరి. ఉప్పు సత్యాగ్రహ సందర్భమున కారాగారవాసమును అనుభవించిరి. గ్రంథాలయోద్యమమునకు వారు పెట్టనికోట. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారిని కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. అయినను వారి నేర్పు మిక్కిలి స్పష్టముగ గోచరించునది 1937 నవంబరు 16వ తేదీన. ఆనాడు మదరాసులోని వారి నివాసమైన శ్రీబాగునందు సర్కారు జిల్లాల నాయకులును, రాయలసీమ నాయకులును కూర్చుండి ఒడంబడికకు వచ్చిరి. విశ్వవిద్యాలయ కేంద్రమును గురించియు, తుంగభద్రా కృష్ణా పెన్నా జలములందు రాయలసీమకు ప్రాధాన్యమును గురించియు, రాజధాని, ఉన్నత న్యాయస్థానములను గురించియు అందు నిర్ణయించుకొనిరి. ఉమ్మడి కార్యమునకు పూనుకొనువారు మొట్టమొదట ఒకరినొకరు నమ్మవలెను. ఆ నమ్మకమునకు కావలసిన నీడను ఆ యిల్లు కల్పించెను. 1953లో ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగ అవతరించునాటికి పంతులుగారు లేరు. ఒడంబడిక మాత్రము స్మరింపబడినది.

1936లో అమృతాంజనము పరిమిత బాధ్యత గల సంస్థగ రూపొందెను. ఒక్క వ్యక్తి ఆయుర్దాయముపై ఆధారపడకుండ వ్యాపారము నిలుచుటకు ఇది ఉపాయము. 1938 ఏప్రిలు 11వ తేదీన పంతులుగారు కీర్తిశేషులైరి. వారి అల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు ఆ సంస్థల భారమును వహించిరి. మదరాసు మైలాపూరులోని నాగేశ్వరరావు పార్కు వారి పేరును నేటికిని నిలుపుచున్నది.

ఇక్కడ ఒక కఠినమైన సత్యమును చెప్పక తప్పదు. లేపనము నేటికిని అంగళ్లలో దొరకుచున్నది. ఆంధ్రపత్రికయు, భారతియు 1991లో ఆగిపోయినవి. ధనమును ఆర్జించినది నిలిచినది. ఏ ప్రయోజనమునకై ఆ ధనము వ్యయింపబడెనో అది నిలువలేదు. పంతులుగారి మార్గము విఫలమైనదా యని ఎవరైన ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. ఒక దాత ఔదార్యముపై నడచు సంస్థకు, ఆ దాత తరువాత ఎవరను ప్రశ్న ఎల్లప్పుడు తలపై వ్రేలాడుచుండును. వ్యాపారమునకు 1936లో కల్పించినంత స్వతంత్రమైన ప్రతిపత్తి సారస్వతసంస్థలకును కల్పించుట నేటి పోషకులు ఆలోచింపవలసిన విషయము. పోషణ యిచ్చుటయే కాక, పోషణ అవసరము లేని స్థితికి చేర్చుటయు పెద్దలు వహింపవలసిన బాధ్యత.

అయినను పత్రిక ఆగినంతమాత్రమున దాని పని ఆగినదని చెప్పరాదు. దినపత్రికగ డెబ్బదియేడేండ్లు, మాసపత్రికగ అరువదియేడేండ్లు అవి చదువరులను, రచయితలను పెంచినవి. అక్కడ అచ్చైన పరిశోధనలపై తరువాతివారు పరిశోధనలు చేసిరి. పరిష్కరింపబడిన కావ్యము మరల అంధకారమున పడలేదు. ఒక నిర్మాత మరియొక నిర్మాతకు చేసిన సాహాయ్యపు ఫలము సహాయకుని లెక్కపుస్తకమున కనబడదు. సాహాయ్యము పొందినవాని పనిలో కనబడును.

ఈ చరిత్రమునుండి మన సంఘములు గ్రహింపదగినవి మూడు కలవు. మొదటిది: ఇతరులకు దారి చూపగోరువాడు ముందు తాను ఆ దారిని నడచి, లాభనష్టములు రెంటిని రుచి చూచియుండవలెను. రెండవది: సాహాయ్యము చేయువాడు, పని చేయువాని స్థానమును ఆక్రమింపరాదు. బసవపురాణమునకు పీఠిక వ్రాయవలసినవారు ప్రభాకరశాస్త్రిగారే. పంతులుగారు కాగితమును, అచ్చును సమకూర్చిరి. మూడవది: క్రొత్త పనిని ప్రారంభించుటకంటె, ఇతరులు సగములో విడిచిన పనిని పూర్తిచేయుట ఒక్కొక్కప్పుడు గొప్ప సేవ.

మన యూళ్లలో అట్టి సగము పనులు కొదువలేదు. తెలుగు నేర్పుటకు ప్రారంభింపబడి ఉపాధ్యాయుడు లేక మూతపడిన పాఠశాలలు కలవు. పెద్దలు కూర్చి, పిన్నలు తెరువని గ్రంథాలయముల బీరువాలు కలవు. వ్రాతప్రతులుగనే మిగిలిన స్థానిక చరిత్రములు కలవు. పరభాషా ప్రాంతముల వ్యాపారమునను, పరిశ్రమలయందును, యంత్రవిద్యయందును కృతార్థులైన తెలుగువారు నేడు వేలకొలది యున్నారు. వారిలో ప్రతివారును ఒక ఆంధ్రపత్రికను స్థాపింపనక్కరలేదు. తమ యూరిలో ఆగిపోయిన ఒక్క పనిని ఎన్నుకొని, దానిని మొదలుపెట్టినవారి పేరుతోనే ముందుకు నడిపింపగలిగిన చాలును. బొంబాయిలో చిన్న సీసాలతో ప్రారంభించిన పంతులుగారి మార్గము అట్టివారి ముందు తెరచియే యున్నది.